లాభం తర్వాత రెండు

ఎండాకాలం సెలవులకని మా తమ్ముడి మనవరాలు రాయచూరు వచ్చి నా దగ్గర నాలుగు రోజులుంది. వస్తూ వస్తూ ఒక డబ్బా తెచ్చుకుంది. అందులో పన్నెండు క్రోషియా సూదులు, ఒక్కోటి ఒక్కో రంగు, పట్టుకునే చోట మెత్తటి రబ్బరు తొడుగు. చేతికి నొప్పి పుట్టకూడదట. కుట్టు కుట్టుకీ గుర్తు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ రింగులు ఒక సంచెడు. వరసలు లెక్కపెట్టడానికి వేలికి ఉంగరంలా తొడుక్కునే మీట ఒకటి. వరస అయినప్పుడల్లా నొక్కితే అంకె మారుతుంది. లెక్కపెట్టడానికి కూడా యంత్రం కావలసినవాళ్లు అల్లికలోకి ఎందుకు దిగుతారో నాకు తెలియదు. అడగలేదు. ఫోనులో ఎవరో పిల్ల చెయ్యూపి, తన కుక్కని చూపించి, తన కాఫీ కప్పు చూపించి, అరగంట తర్వాత ఒక్క కుట్టు నేర్పింది. అది చూసి మా పిల్ల, "ఇది చాలా కష్టం నానమ్మా, అన్నిటికంటే పొడుగు కుట్టు, సూదికి రెండు చుట్లు చుట్టాలి, నీకు రాదులే" అంది.

నాకు నవ్వొచ్చింది. ఈ వయసులో మనిషి నవ్వితే పిల్లలు మురిసిపోతోంది అనుకుంటారు గానీ వెక్కిరిస్తోందని పోల్చుకోలేరు. కళ్లజోడు పెట్టుకుని, ఆ రబ్బరు సూది అందుకుని, రింగులూ మీటా పక్కకి నెట్టేసి, ఒక వరస అల్లి చేతిలో పెట్టాను. పిల్ల నోరు తెరిచి, "ఎవరు నేర్పారు నానమ్మా?" అంది. మా సుభద్రత్త అన్నాను. "ఆవిడ టీచరా?" అంది. కాదన్నాను. ఆ తర్వాత అది ఎన్ని అడిగినా మాట మార్చాను. దానికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది తుర్విహాళ దగ్గర ఒక క్యాంపు. తుంగభద్ర కాలవ తవ్వి నీళ్లు వదిలాక, నరసాపురం వైపున ఉన్న రెండెకరాలూ అమ్ముకుని ఇక్కడ ఇరవై ఎకరాల నల్లరేగడి కొనుక్కున్న వాళ్లందరూ ఒకచోట ఇళ్లు వేసుకున్నారు. ముప్పై గడప ఉండేది. మావాళ్ల గురించి నేనే చెప్పుకోవాలి కాబట్టి చెప్తున్నాను: భూమ్మీద వరి అన్నం కనిపెట్టింది తామేనని వాళ్ల నమ్మకం. జొన్నరొట్టె తినే ఊరివాళ్లని చూసి పుచ్చిపళ్లు బయటపెట్టి నవ్వేవాళ్లు. ఆ రొట్టె తిన్న ముసలివాళ్లు చెరుకుగడ పళ్లతో చీల్చుకు తినేవాళ్లు, మావాళ్లు నలభై ఏళ్లకే బువ్వ మెత్తగా వండమని పెళ్లాల మీద కేకలేసేవాళ్లు. కన్నడం ఒక్క ముక్క నేర్చుకోలేదు. నేర్చుకోకపోవడమే గొప్ప. ఎరువుల కాగితం వచ్చినా, కాలవ ఆఫీసు నుంచి తాఖీదు వచ్చినా తలకిందులుగా పట్టుకుని చూసి, "ఒసే అమ్మాయ్, ఇదేవిటో చూడు" అని నాబోటి పిల్లల్ని పిలిచేవాళ్లు. తుర్విహాళ బళ్లో కన్నడం చదివే పిల్లలమే ఆ క్యాంపుకి కరణాలం. అందుకని నాకు చిన్నప్పుడే తల తిరిగింది. ఇప్పటికీ పూర్తిగా సర్దుకుందని చెప్పలేను.

మావాళ్ల గొప్పలన్నీ ఒక ఎత్తు, లేసు దగ్గర పోయే గొప్ప ఒక ఎత్తు. మా వైపు పల్లెల్లో ఆడవాళ్లు తలుపు చాటున కూర్చుని లేసు అల్లేవాళ్లు. ఏజెంటు దారపుండలు ఇచ్చి వెళ్లేవాడు, అల్లింది పట్టుకుపోయేవాడు, అది ఓడెక్కి ఏ దేశపు దొరసాని బల్ల మీదికో చేరేది. గడప దాటకుండా చేసే కూలి కాబట్టి దాన్ని ఎవరూ కూలి అనేవారు కాదు. క్యాంపుకొచ్చి ఇరవై ఎకరాల ఆసాముల భార్యలు అయ్యేసరికి ఆ ఆడవాళ్లందరికీ ఒకేసారి మతిమరుపు పట్టుకుంది. పక్కింటి రత్తమ్మగారి ఎడమ చూపుడువేలి మీద దారం కోసిన గాడి వీధిలోంచి చూసినా కనిపించేది. ఆవిడే, "లేసా? మా ఇంటా వంటా లేదమ్మా ఆ పని" అని ముక్కు మీద వేలేసుకునేది, అదీ ఆ గాడి ఉన్న వేలే.

మా క్యాంపు మొత్తం మీద లేసు అల్లడం మరిచిపోని మనిషి సుభద్రత్త ఒక్కతే. మా నాన్నకి అక్క. మొగుడు పెళ్లయిన రెండో ఏడాదే ఇంకొకర్ని తెచ్చుకుంటే, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. తాత పోయాక ఆ పుట్టిల్లు తమ్ముడిల్లయింది. తమ్ముడు క్యాంపుకి వస్తే పెట్టెతోపాటు తనూ లారీ ఎక్కింది. ఇంట్లో అందరికంటే ముందు లేచేది. పేడకళ్లెత్తి, కళ్లాపి చల్లి, రెండు గేదెల పాలు పితికి, పొలానికి క్యారేజీలు కట్టి, మా తమ్ముడికి నీళ్లు పోసి, వాణ్ణి చంకనేసుకునే నాకు జడ వేసేది. మా అమ్మ పని చెయ్యదని కాదు. కానీ అమ్మ చేస్తే పని, అత్త చేస్తే అది అలా జరిగిపోయేది అంతే, కాలవలో నీళ్లు వచ్చినట్టు. ఎవరూ చూసేవారు కాదు. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక, గేదెలు నెమరేస్తూ పడుకున్నాక, ఆవిడకంటూ రెండు గంటలు దొరికేవి. అప్పుడు కుంకుడు రసంతో మోచేతుల దాకా కడుక్కునేది, పసుపూ పాలవాసనా పోయేదాకా. పాత పంచె గుడ్డలో చుట్టిన లేసు విప్పితే కర్పూరం వాసన వేసేది. గాలి వీస్తే నల్లటి దుమ్ము లేచే ఆ నేలలో ఆవిడ అల్లిన తెల్లటి లేసు మీద మరక అనేది నేను చూడలేదు. కాళ్లు కడుక్కోకుండా ఎవరైనా ఆ చాప దగ్గరికి వస్తే నాన్న అయినా సరే తిట్లు తినాల్సిందే. ఆ రెండు గంటలూ ఆవిడ ఎవరి మాటా పడేది కాదు.

నాకు తొమ్మిదో ఏట సూది చేతికిచ్చింది. ప్రేమగా ఇచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. "ఊరికే నా మొహంలోకి చూత్తా కూర్చునే బదులు పట్టుకో" అని ఇచ్చింది. పట్టుకున్నాను. "కలంలా పట్టుకున్నావేంటే? మొగుడికి ఉత్తరం రాత్తన్నావా?" అంది. నెల రోజులు ఒట్టి గొలుసు అల్లించింది, మూరలకు మూరలు. సాయంత్రం చివర పట్టుకుని ఒక్క లాగు లాగితే అంతా దారమైపోయేది. తర్వాత పొట్టి కుట్టు. ఏడాది దాటాక పొడుగు కుట్టు. సూదికి దారం రెండు చుట్లు చుట్టి, కింది వరస కన్నంలో దూర్చి, దారం పైకి లాగితే సూది మీద నాలుగు పోగులుంటాయి. వాటిని రెండేసి చొప్పున మూడుసార్లు విడిపించాలి. చుట్లు బిగిస్తే కుట్టు కుంటుతుంది, వదులైతే బొజ్జ పెరుగుతుంది. నా కుట్లలో రెండు రకాలూ ఉండేవి. "ఒకడు తిననోడు, ఒకడు తిని అరగనోడు. ఒకే వరసలో నిలబెట్టావు" అనేది.

కష్టం కుట్టులో లేదు, లెక్కలో ఉంది. పొడుగు కుట్టు అమాంతం నేల మీంచి లేవదు. వరస మొదలుపెట్టేటప్పుడు ముందు నాలుగు గొలుసులు వేసి ఆ ఎత్తుకి చేరుకోవాలి. ఆ నాలుగు గొలుసులూ కలిపి మొదటి కుట్టు కింద లెక్క. చూడ్డానికి అది కుట్టులా ఉండదు, పక్కన వేలాడే తాడులా ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు వరసలో ఆఖరి కుట్టు దాని నెత్తి మీద వెయ్యాలి. వెయ్యకపోతే వరసకి ఒకటి చొప్పున తగ్గిపోతుంది. నేను మొదటిసారి అల్లిన చదరం పన్నెండు వరసలకే పైకి సన్నగా అయిపోయింది. అత్త దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, వంటింట్లో ఉన్న అమ్మని పిలిచి మరీ, "చదరం అల్లమంటే గోచీ అల్లింది చూడు నీ కూతురు. మీ ఆయనకి సరిపోద్దేమో కొలిచి చూడు" అంది. అమ్మ నవ్వు ఆపుకోలేక పొయ్యి దగ్గర కూలబడింది. మా ఇంట్లో అమ్మా అత్తా కలిసి నవ్వడం అరుదు. అది నా గోచీ మీద జరిగిందని నాకు చాలా రోజులు కోపం ఉండేది.

అత్తకి అక్షరాలు రావు. లెక్క మాత్రం కళ్లంలో ధాన్యం కొలిచే లెక్క. మా నాన్న కుంచం ఎత్తి పోసేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అనడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు. ఆరు తర్వాత, ఏడుపు తగలకుండా, ఆరున్నొకటి, ఎనిమిది. కుట్లు లెక్కపెట్టేటప్పుడు అత్త కూడా అంతే. ఆ నాలుగు గొలుసులూ లాభం. ఇరవై కుట్ల వరస అంటే లాభంతో మొదలై ఇరవైతో ఆగాలి, ఆ ఇరవయ్యోది కింది వరస లాభం నెత్తిన కూర్చోవాలి. "లాభాన్ని వదిలేసినోడు ఏ కళ్లంలోనూ బాగుపళ్లేదే కోడలా" అనేది. నేను కూడా గొంతు కలిపేదాన్ని. అలా ఆ లెక్క నాకు నోటికి అంటుకుపోయి, ఒకరోజు బళ్లో మాస్టారు బల్ల మీద సుద్దముక్కలు పెట్టి లెక్కించమంటే, "లాభ, ఎరడు, మూరు" అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు. ఏడాది పొడుగునా నన్ను లాభమ్మ అన్నారు. ఆ రోజు నుంచి అత్త లెక్కన్నా అత్త మాటన్నా నాకు చిన్నతనం పట్టుకుంది. మధ్యాహ్నం పక్కన కూర్చుని అల్లేదాన్నే, మనసులో మాత్రం ఒకటీ రెండూ అని బడి లెక్క లెక్కపెట్టుకునేదాన్ని. పన్నెండేళ్లకి నేను అంత నాగరికురాలినయ్యాను.

ఆ ఏడే ఒక కబురు వచ్చింది. దారం కోసం అత్తా నేనూ సింధనూరు వెళ్తే, ఎప్పుడూ దారమిచ్చే శెట్టిగారు అత్త చేతిరుమాలు అంచు చూసి, "గిది ఎవరు అల్లిన్రమ్మా?" అని అడిగాడు. నేనేనంది. "అట్లయితే మీకోసమే ఎతుకుతున్నరు. ఈడ ఆడోళ్లకు కుట్టుపని నేర్పే బడి పెడుతున్నరు. టీచరమ్మ గావాలంట. జీతమిస్తరు, ఉండనీకి బడి ఎన్క గది గూడ ఇస్తరంట. వచ్చే బేస్తారం రాయచూరు నుంచి పెద్ద మేడమ్ వస్తది, పని జూసి తీస్కుంటది" అన్నాడు. దానికి ఒక షరతు కూడా చెప్పాడు. చేసిన పని ఒకటి తేవాలి, దాంతోపాటు పన్నెండు వరసల చదరం ఎలా అల్లాలో కన్నడంలో కాగితం మీద రాసి తేవాలి. అత్త దారం కొని బయటికొచ్చింది. బస్సులో సగం దూరం వచ్చాక, "గది ఇత్తారంటన్నాడా?" అంది. ఇస్తారన్నాడన్నాను.

ఇంట్లో చెప్పేసరికి నాన్న తింటున్న చెయ్యి ఆపేశాడు. "ఇక్కడ ఏం తక్కువైందక్కా నీకు? ఆసామి అక్క ఊళ్లోకెళ్లి కూలికి కుట్లు నేర్పుతుందంటే క్యాంపులో నేను తలెత్తుకు తిరగాలా?" అన్నాడు. క్యాంపులో ఆయన తలని ఎవరూ అంత పట్టించుకునేవారు కాదు, ఆ సంగతి ఆయనకి ఎప్పటికీ తెలియలేదు.

"తక్కువేం లేదురా తమ్ముడూ" అంది అత్త. "ఊహ తెలిసిన కాణ్ణించి ఎవరో ఒకరి వసారాలో పడుకుంటన్నా. నాదని ఒక తలుపుండి, దానికి లోపల్నించి నేనేసుకునే గడియ ఉంటే ఎలాగుంటదో చూడాలనుంది. చచ్చేలోపు చూడాలనుంది, అంతే."

నాన్న నవ్వాడు. "వెళ్లి రా. అక్షరం ముక్క రానిదానికి ఎవడిస్తాడు ఉద్యోగం" అన్నాడు. అలా అనుమతి దొరికింది. కాగితం నేను రాస్తానన్నాను. కన్నడం వచ్చింది ఆ ఇంట్లో నాకొక్కదానికే.

మర్నాడు అమ్మ బియ్యం చెరుగుతూ నాతో ఒక మాట అంది. కోప్పడలేదు, బెదిరించలేదు. రేపు వాన పడుతుందేమో అన్నట్టు అంది. "మీ అత్తకి ఆ పని వొచ్చిందంటే గేదెల్నెవరు చూత్తారు, పిల్లాణ్ణెవరు ఎత్తుకుంటారు? నువ్వు బడి మానెయ్యాలి. చదివింది చాల్లే, కలెక్టరువవుతావా ఏంటి."

కాగితం రాయడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. అత్త అల్లుతూ చెప్పేది. "ముందు నాలుగు గొలుసులు. అది లాభం. రెండు, మూడు, అలా ఇరవై. తిప్పు. మళ్లీ లాభం. ఆఖరిది పాత లాభం నెత్తిన." ఇదంతా నేను అచ్చమైన బడి కన్నడంలో పెట్టాను. పెట్టేటప్పుడు ఆ లాభం దగ్గర నా కలం ఆగింది. రాయచూరు నుంచి వచ్చే పెద్ద మేడమ్ చదివే కాగితంలో లాభ అని రాస్తానా నేను? మళ్లీ నవ్వులపాలవుతానా? ఆ మాట ఎక్కడెక్కడ వచ్చిందో అక్కడల్లా తీసేశాను. నాలుగు గొలుసులు వేసి, మొదటి కుట్టు వదిలి, తర్వాతి ప్రతి పొడుగు కుట్టులోనూ ఒక్కో పొడుగు కుట్టు వేసి, తిప్పాలి అని రాశాను. ఎంత శుభ్రంగా ఉందో! కింద గీత కూడా గీశాను. అత్త ఆ కాగితాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ముత్యాల్లాగున్నాయే అచ్చరాలు" అంది. నేను పొంగిపోయాను.

గురువారం పొద్దున్నే బస్సెక్కాం. అత్త తనకున్న ఒకే ఒక్క మంచి చీర కట్టుకుంది. ఒళ్లో తను అల్లి ఇస్త్రీ చేసిన లేసు బల్లగుడ్డ, చేతిలో సూది. బస్సులో కూడా అల్లుతూనే ఉంది, పైకి లెక్కపెడుతూ. నేను నా కాగితం తీసి నా చేతిరాత చూసి ముచ్చటపడుతూ చదువుకుంటున్నాను. పక్కనుంచి అత్త గొంతు, "పందొమ్మిది, ఇరవై, లాభం నెత్తిన" అంది. కాగితంలో వెతికాను. నెత్తిన వెయ్యాల్సిన ఆ ఒక్క కుట్టు అందులో లేదు. నా లాభంతోపాటు అదీ పోయింది. ఈ కాగితం చూసి ఎవరు అల్లినా గోచీయే వస్తుంది. ఆ గోచీ నేను అల్లి ఉన్నదాన్ని, నాకు తెలియక కాదు.

నా బడిసంచీలో పెన్సిలుంది. సింధనూరు ఇంకా అరగంట దూరం ఉంది. ఒక్క వాక్యం చాలు. పెన్సిలు తీశాను కూడా. అమ్మ చేటలో బియ్యం చప్పుడు గుర్తొచ్చింది. గేదెలు గుర్తొచ్చాయి. చంకలో తమ్ముడితో వీధి గుమ్మంలో నేను నిలబడి ఉంటే, కాలవ గట్టు మీద మిగతా పిల్లలు పుస్తకాలు పట్టుకుని బడికి పోతున్నట్టు కనిపించింది. పెన్సిలు మళ్లీ సంచీలో వేసి, కాగితం నాలుగు మడతలు పెట్టాను. అత్త, "నలగ్గొట్టకే" అంది.

ఆ బడి ఒక అద్దె ఇంట్లో ఉంది. పెద్ద మేడమ్ రాయచూరు వ్యాపారస్తుల ఇంటి ఆడపడుచట, బంగారు ఫ్రేము కళ్లజోడు. బల్లగుడ్డని కిటికీ వెలుగులో పట్టుకుని ఎంతసేపో చూసింది. "మస్తుగుందమ్మా! గింత సన్నం పని నేనెన్నడు సూడలె" అంది. అత్త మొహం ఎప్పుడూ అలా చూడలేదు నేను. ఇరవై ఏళ్ల పిల్లలా అయిపోయింది. గోడ వెనక గది తలుపు తెరిచే ఉంది. అత్త కళ్లు ఒకసారి అటు పోయాయి, గడియ మీదికే పోయాయని నాకు తెలుసు.

తర్వాత మేడమ్ కాగితం తీసుకుని అక్కడున్న ఒక కుట్టుపని అమ్మాయికి ఇచ్చింది. "ఈ పిల్లకు పొడుగు కుట్టొస్తది గని డిజైన్లు తెల్వయి. కాగితం సూసి అల్లుతది. మీరేం చెప్పొద్దు, పక్కకు గూసోండి. గీ కాగితాలే అన్ని ఊర్లకు పంపాలె, చదివినోళ్లకు సమజ్ గావాలె" అంది. మేము వసారాలో కూర్చున్నాం. రెండు గంటలు పట్టింది. అత్త నాకు తన క్యారేజీలో పెరుగన్నం పెట్టింది, తను తినలేదు. నేను తిన్నాను.

లోపలికి పిలిచేసరికి బల్ల మీద గోచీ ఉంది.

"ఏందమ్మా, గిట్ల వచ్చిందేంది?" అంది మేడమ్. మనిషి చెడ్డది కాదు, నిజంగానే బాధపడుతోంది. "రాసిందట్లే అల్లింది ఈ పిల్ల, నేను సూసిన. కాగితం ఎవరు రాసిన్రు?"

అత్త ఆ ముక్క చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో కింది వరస నుంచి పైకి తడుముతూ పోయింది. పై వరస చివర వేలు ఆగింది. అప్పుడు నాకేసి చూసింది. నేను నా కాళ్లకేసి చూసుకున్నాను. పిల్ల రాసిందండి, చేత్తో ఇప్పుడే చూపిస్తాను అంటే మేడమ్ కాదనేది కాదని ఈనాటికీ నా నమ్మకం.

"నేనే రాశానండి" అంది అత్త. "నేను చెప్పడంలోనే పొరపాటుంది."

"పని చేసుడు వేరు, నేర్పుడు వేరమ్మా" అని బల్లగుడ్డ మడత పెట్టి చేతికిచ్చింది మేడమ్.

బస్టాండు రేకుల కింద కూర్చున్నాం. అత్త ఆ ముక్క కూడా అడిగి తెచ్చుకుంది. దాన్ని నా ఒళ్లో పెట్టి, "లెక్కెట్టు" అంది. కింది వరస లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు. ఎన్నాళ్లకో ఆ లెక్క నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఇరవై వచ్చాయి. "పై వరస" అంది. తొమ్మిది. "మిగతాయి ఏవయ్యాయి?"

"వరసకొకటి పోయింది. లాభం నెత్తిన వెయ్యలేదు" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించుకునైనా అనలేదు, బళ్లో మాస్టారు అడిగితే చెప్పినట్టు టక్కున చెప్పేశాను. చెప్పాక తెలిసింది ఏం చెప్పానో.

"బాగానే వొచ్చుగదే లెక్క నీకు" అంది అత్త. బస్సొచ్చింది.

ఇంటికొచ్చాక నాన్న, "చెప్పానా?" అన్నాడు. ఆ ఒక్క మాట అనే అవకాశం కోసం మా నాన్న చాలా కష్టాలు సంతోషంగా పడేవాడు. రత్తమ్మగారు పరామర్శకొచ్చి ఆ ముక్క చూడాలని తెగ ప్రయత్నించింది. ఆ ఉద్యోగం చేతిరుమాలు అంచు మడవడం మాత్రమే వచ్చిన ఎవరికో ఇచ్చారని శెట్టిగారు తర్వాత చెప్పాడు. మర్నాడు పొద్దున్న అత్త ఎప్పటిలాగే లేచింది, ఎప్పటిలాగే పేడకళ్లెత్తింది, నాకు జడ వేసి రిబ్బను కట్టింది. నేను బడికి వెళ్లాను. సింధనూరులో హైస్కూలు, రాయచూరులో కాలేజీ. చివరికి లెక్కల టీచరునయ్యాను, కావాలంటే నవ్వుకోండి. ముప్పై అయిదేళ్లు పిల్లల నోటుపుస్తకాల్లో ఎర్రసిరాతో తప్పులు చుట్టాను. రిటైరైన రోజున సభ పెట్టి, క్యాంపు నుంచి వచ్చిన ఆడపిల్ల ఎవరి సాయం లేకుండా స్వయంకృషితో పైకొచ్చిందని ముగ్గురు వక్తలు చెప్పారు. మెళ్లో దండ వేసుకుని నేను తలూపుతూ కూర్చున్నాను. ఈ అధ్యాయంలో నేను చాలామందిని వెక్కిరించాను, వాళ్లలో ఎవరూ నా అంత సిగ్గులేని పని చెయ్యలేదు. రత్తమ్మగారు తన వేలి గాడి ఒక్కటే దాచుకుంది. అప్పటి వాళ్లకి గొప్పలు ఎక్కువ, ఇప్పటి వాళ్లకి రబ్బరు తొడుగులు ఎక్కువ అని తేలిగ్గా రాసి ముగించొచ్చు. కానీ మా పిల్ల ఆ మీట నొక్కినంత నిజాయితీగా కూడా నేను ఆనాడు లెక్క చెప్పలేదు.

మొదటి ఉద్యోగం వచ్చి రాయచూరులో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు, జీతంతో చీర కొనుక్కుని క్యాంపుకి వెళ్లాను. మధ్యాహ్నం అది, అత్త చాప మీద ఉంది, జుట్టు సగం తెల్లబడింది. కాళ్లు కడుక్కుని పక్కన కూర్చున్నాను. "నాతో వచ్చెయ్ అత్తా. ఒక గది నీదే. లోపల్నుంచి గడియ కూడా ఉంది" అన్నాను. ఆ మాట కోసం దారంతా సాధన చేసుకుంటూ వచ్చాను.

సూది ఆగింది. "ఎవరింట్లో?" అంది.

"నా ఇంట్లోనే."

అత్త నవ్వింది. కోపం లేదు ఆ నవ్వులో, ఉంటే బాగుండేది. "తమ్ముడింటి కాణ్ణించి కోడలింటికా? దానికి బస్సు చార్జీ దండగ కాదటే" అని, ఎక్కడ ఆపిందో అక్కణ్ణించి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. నేను సాయంత్రం బస్సుకి ఒక్కదాన్నే వెనక్కొచ్చి, ఆ రెండో గదిలో పుస్తకాలు సర్దుకున్నాను.